చెప్పాకే బెల్లం

నా చిన్నప్పుడు మా ఇంట్లో మందు చేదుగా ఉందంటే ఎవరూ ఊరుకునేవారు కాదు. ఎలాంటి చేదు, నాలుక మీద ఎంతసేపు ఉంది, అది పోయాక ఏం మిగిలింది, అన్నీ చెప్పాలి. మా తాతయ్య చిక్కడపల్లిలో వైద్యుడు. వీధి వైపు గదే ఆయన వైద్యశాల. ఎండిన ఆకైనా వేరైనా నోట్లో వేసుకుని చూడందే రోట్లో వేయనిచ్చేవారు కాదు.

దానికో పద్ధతి ఉండేది. పొద్దున్నే పరగడుపున నోరు పుక్కిలించాలి. చిటికెడు పొడి నాలుక మీద వేసుకుని, నోరు మెదపకుండా గడప దగ్గర కూర్చోవాలి. ముందొచ్చే రుచి అందరికీ తెలుస్తుందని, వెనకొచ్చే రుచి ఓపిక ఉన్నవాళ్లకే తెలుస్తుందని ఆయన అనేవారు. అది కూడా వచ్చాక ఏం తెలిసిందో చెప్పాలి. చెప్పాకే బెల్లం ముక్క. అంతకు ముందు బెల్లం డబ్బా మీద చెయ్యి పడిందంటే నాయనమ్మ ఆ చేతి మీద ఒకటి వేసేది.

నాకు పదేళ్లప్పుడు తాతయ్యకు పెద్ద జ్వరం వచ్చి తగ్గింది. ఆ తర్వాత రుచి చూసే పని నాకు అప్పగించారు. "నువ్వు చెప్పు బిడ్డా" అని ఎదురుగా కూర్చుని నా ముఖం చూసేవారు. నాకు విద్య నేర్పుతున్నారనుకుని తెగ మురిసిపోయాను. నేను సగం డాక్టర్నని నారాయణగూడ బడిలో కోతలు కూడా కోశాను. ఒకరోజు నాయనమ్మ పప్పులో ఉప్పు వేయడం మరిచిపోతే మేమంతా ముఖాలు చిట్లించాం. తాతయ్య మాత్రం తల వంచుకుని తినేశారు. అది చూసినా నాకేమీ తట్టలేదు.

పాలమూరు నుంచి వచ్చి అంబర్‌పేట బస్తీలో ఉండే ఒక అవ్వ మాకు మూలికలు తెచ్చేది. ఆ వారం నేలవేము తెచ్చింది. జ్వరాల కషాయానికి అదే ప్రాణం. అసలైన నేలవేము చిటికెడు వేసుకుంటే మధ్యాహ్నం అన్నం తినేదాకా గొంతులో చేదు కూర్చునే ఉంటుంది. అదే రోజు బడిలో మమ్మల్ని జూకి తీసుకెళ్తున్నారు. రోజంతా ఆ చేదు మోయడం నాకిష్టం లేదు. నాయనమ్మ పెరట్లో ఉండడం చూసి ముందే బెల్లం ముక్క బుగ్గన పెట్టుకున్నాను. చప్పరించి, మూతి తుడుచుకుని, బుద్ధిమంతురాలిలా వెళ్లి గడప దగ్గర కూర్చున్నాను.

పొడి వేసుకుంటే చేదు అంతంత మాత్రంగానే తగిలింది. బెల్లం వల్లే అనుకున్నాను.

"చేదు ఉన్నదా బిడ్డా?" అన్నారు తాతయ్య.

"గొంతుదాకా ఉన్నది తాతయ్యా" అన్నాను. నరం లేని నాలుక ఎటైనా తిరుగుతుందంటారు. నాది ఆ పూట బాగానే తిరిగింది. చెప్పినందుకు బెల్లం ఇస్తే అదీ తిని బడికి పరుగెత్తాను.

పక్కింటి అక్కకు అప్పటికే రెండు రోజులుగా జ్వరం. నాకు జడలు వేసేది, రిబ్బన్లు కొనిపెట్టేది ఆ అక్కే. ఆ నేలవేముతోనే ఆమెకు కషాయం కాచారు. మర్నాడు చూడటానికి వెళ్తే గ్లాసు కింద పెట్టి నవ్వింది.

"ఈసారి మీ తాతకు నా మీద దయ కలిగినట్టుంది. కషాయం అంత చేదు లేదే!"

నాకు చేదు తగలనిది బెల్లం వల్ల కాదని అప్పుడు తెలిసింది. అప్పుడే వెళ్లి చెప్పి ఉండాల్సింది. తేలు కుట్టిన దొంగలా ఊరుకున్నాను. ఇంకో మూడు రోజులు ఆ కషాయమే తాగింది. నాలుగో రోజు మనుషుల్ని గుర్తుపట్టడం మానేసింది. రిక్షాలో పడుకోబెట్టి పెద్దాసుపత్రికి తీసుకెళ్తుంటే మా గేటు ఊచలు పట్టుకుని చూస్తూ నిలబడ్డాను. రిక్షా కుదిపినప్పుడల్లా ఆమె తల ఊగుతోంది. నేను చేయగలిగింది ఏమీ లేదు.

సాయంత్రం తాతయ్య అవ్వను పిలిపించి ఆ నేలవేము కట్ట ముందు పెట్టారు. ఆమె రెండు పుల్లలు నమిలి నెత్తి కొట్టుకుంది. "అయ్యో అయ్యా! మోకాళ్లు పట్టుకున్నయని నేను పోలే, కోడల్ని పంపిన. సగం ఉత్త గడ్డే కోసుకొచ్చింది గదా!"

నాకు ఏడుపు ఆగలేదు. బెల్లం సంగతి చెప్పేశాను. కొడతారనుకున్నాను. తాతయ్య నన్ను దగ్గరకు లాక్కున్నారు.

"నా జ్వరం తగ్గిన కాడి నుంచి నాకు ఏ రుచి తెలుస్తలేదు బిడ్డా. ఆ సంగతి ఎవ్వరికీ చెప్పలే. నీ నాలుక ముందు పెట్టుకుని ఎనక దాక్కున్న. తెలియకున్నా తెలిసినట్టే నువ్వు చెప్పినవు, నేనూ తెలిసినట్టే ఉన్న. మనిద్దరిది ఒక్కటే అబద్ధం. పెద్దోన్ని గాబట్టి తప్పు నాది."

మర్నాడు పొద్దున ఆయన అరుగు మీద కూర్చుని, వచ్చినవాళ్లందరికీ చేతులు జోడించారు. "నాకు రుచి తెలుస్తలేదు. మందియ్యను" అన్నారు. నా పేరు ఎక్కడా ఎత్తలేదు. కొందరు బతిమాలారు. ఒకాయన పిల్లవాణ్ని భుజాన వేసుకుని చాలాసేపు నిలబడి వెళ్లిపోయాడు. చనిపోయేదాకా తాతయ్య మళ్లీ రోలు ముట్టలేదు. అక్క ప్రాణాలతో ఇంటికొచ్చింది కానీ ఎడమ చెవి వినపడకుండా పోయింది. మంచి నేలవేము తాగి ఉంటే ఏమయ్యేదో ఎవరు చెప్పగలరు? అప్పటి నుంచి నేనెప్పుడూ ఆమెకు కుడివైపే కూర్చున్నాను.

ఇప్పుడు నాకు డెబ్బై దాటాయి. ఉండేది అశోక్‌నగర్‌లో. మా పై వాటాలో కిరాయికుండే అమ్మాయి విద్యానగర్ వైపు ఒక ల్యాబులో మూలికల రుచుల మీద పరిశోధన చేస్తోంది. అక్కడ నాలుకలాంటి మిషన్ ఉందట. కషాయంలో ముంచితే గీతలు గీస్తుందట.

"గీత అయితే వస్తది అమ్మమ్మా. గానీ అది ఎట్లాంటి చేదో మిషన్‌కు తెల్వదు కదా. తెలిసిన మనిషి చెప్పాలె. మీ తాతగారి లాంటోళ్ల దగ్గర నేర్చుకున్నోళ్లు మీరొక్కరే దొరికిన్రు. జర రారా?" అంది.

రానని చెప్పలేకపోయాను. రెండేళ్ల కింద గొంతు క్యాన్సర్‌కు కరెంటు పెట్టించుకున్నప్పుడే నాకు రుచి పోయింది. రుచి పోయిన సంగతి ఇంట్లో ఎవరికీ తెలియదు. ఉప్పు కొలత చేతికి తెలుసు కాబట్టి కూరలు నడిచిపోతున్నాయి. తాతయ్యను చూసి కూడా నాకు బుద్ధి రాలేదు. ముందురోజు సాయంత్రం కాఫీ కొంచెం చేదుగా తగిలినట్టనిపించి, ఆశపడి ఆటో ఎక్కాను.

మూడు చిన్న కప్పులు పెట్టారు. మూడింట్లోనూ నేలవేము కషాయమే, ఒకదాంట్లో మాత్రం గడ్డి కలిపారట. ఏది కల్తీదో, చేదు ఎలా నడిచిందో చెప్పాలి. పరగడుపునే వెళ్లాను. నోరు పుక్కిలించాను. ఒక్కోటి నాలుక మీద వేసుకుని కళ్లు మూసుకుని కూర్చున్నాను. ముందొచ్చే రుచి రాలేదు. వెనకొచ్చేదీ రాలేదు. నోట్లో గోరువెచ్చటి తడి, అంతే.

ఆ అమ్మాయి పెన్ను పట్టుకుని, ఒకప్పుడు తాతయ్య చూసినట్టే నా ముఖం చూస్తోంది. గొంతుదాకా ఉంది అనడానికి ఎంతసేపు? నేలవేము గురించి తాతయ్య చెప్పిన మాటలన్నీ నాకు కంఠతా వచ్చు. కానీ ఆ మాటలు ఏ కప్పువో చెప్పే నాలుక నాకు లేదు. తాతయ్య విద్య నాతోనే ఆఖరన్న సంగతి నాకు తెలుసు. ఏడుపొచ్చింది.

"తెలుస్తలేదమ్మా" అన్నాను. "రెండేండ్ల సంది నాకు ఏ రుచి తెలుస్తలేదు."

ఆమె ముఖం చిన్నబోయింది. "ఏం కాదు అమ్మమ్మా" అంది కానీ పెన్ను మూత పెట్టేసింది. నేనే కాగితం తీసుకుని మూడు గళ్లలోనూ తెలియలేదని రాసి సంతకం పెట్టాను.

తిరిగొచ్చేటప్పుడు చిక్కడపల్లిలో ఆటో ఆపించి బెల్లం కొన్నాను. చెప్పాకే బెల్లం కదా. ముక్క విరిచి నోట్లో వేసుకుని, అంతా కరిగిపోయేదాకా ఆగాను. తీపి తెలియలేదు.