కల్బా మడ అడవిలో జకరయ్య

జకరయ్యకు చిన్నప్పటి నుంచీ కుక్కలంటే భయం. తాళ్ళరేవు సంతలో ఒక కుక్క పిక్క పట్టుకుంటే బొడ్డు చుట్టూ పద్నాలుగు సూదులు పొడిపించుకున్నవాడు. అలాంటివాడికి నలభై ఆరో ఏట, గల్ఫ్‌లోని కల్బాలో, రోజూ గంటసేపు కుక్కను తిప్పే పని పడింది.

2009లో అతను తోటమాలిగా అక్కడికి వెళ్ళాడు. అతనికి వీసా ఇచ్చిన యజమాని, అంటే కఫీల్, అబూ సాలెం కుటుంబంతో షార్జాలో ఉండేవాడు. కల్బా సముద్రపు ఒడ్డున ఆయనకొక తోట ఇల్లు ఉండేది. సెలవులకు మాత్రమే వచ్చేవారు. మిగతా రోజుల్లో ఆ ఇంటికీ, నలభై ఖర్జూర చెట్లకీ జకరయ్య ఒక్కడే దిక్కు.

మూడేళ్ళ తర్వాత కఫీల్ స్నేహితుడైన ఒక ఇంగ్లీషు దొర ఉద్యోగం వదిలి స్వదేశానికి వెళ్ళిపోతూ తన కుక్కను ఆయనకు ఇచ్చాడు. తెలుపు మీద గోధుమరంగు మచ్చలు, భుజాల దాకా వేలాడే చెవులు. "మా ఊరి పక్కన వెయ్యేళ్ళ నాటి అడవి ఉంది. ఇది అక్కడ పుట్టిన జాతి. చెట్ల మధ్య నడిపించకపోతే దిగులుతో చచ్చిపోతుంది" అని చెప్పి వెళ్ళాడట. కఫీల్ ఆ మాటను గట్టిగా పట్టుకున్నాడు. కల్బాలో అడవి అనదగింది ఒక్కటే, ఊరి చివర ఉప్పుటేరు వెంట ఉన్న మడ అడవి.

"రోజ్ ఏక్ ఘంటా, జకరయ్యా. ఉధర్ లేకే జావ్" అని పురమాయించాడు.

కుక్క పేరు బార్నబీ. జకరయ్య నోట్లో అది బైబిలు పేరుగా మారి బర్నబా అయింది. మొదటి నెల తాడును బారెడు దూరంలో పట్టుకుని నడిచాడు. కుక్క అతని కంటే ముందు నడిచి, బురదలో పైకి పొడుచుకొచ్చిన ఊపిరి వేళ్ళను వాసన చూసి, అతను వచ్చేదాకా ఆగేది. తండ్రితో పాటు కోరంగి మడ అడవుల్లో పీతలు పట్టి పెరిగిన మనిషి అతను. ఆ బురద వాసన తగిలితే ఇంటికొచ్చినట్టే ఉండేది. ఏ చెట్టు మొదలు గట్టిదో, ఏ పాయలో పోటు ముందుగా ఎక్కుతుందో కొన్నాళ్ళకే తెలిసిపోయింది. అక్కడి చెట్లు కోరంగి చెట్లంత ఎత్తు లేవు గానీ వాటి మొదళ్ళు లావుగా, మెలికలు తిరిగి చాలా ముసలివిగా ఉండేవి. తమ తాతల తాతలు కూడా వాటిని ఇలాగే చూశారని అక్కడి జాలరులు చెప్పేవారు. రోజుకు ఆ గంటసేపే అతను నోరారా తెలుగు మాట్లాడేది. వినడానికి బర్నబా ఉండేది. నాలుగేళ్ళు అలా గడిచాయి.

ఖాసిం అతనికి ఖుబూస్ రొట్టెల దుకాణం దగ్గర పరిచయమయ్యాడు. ఆర్మూరు దగ్గరివాడు. పడవలకు రంగులు వేసే షెడ్డులో పనిచేసేవాడు. పాత కంపెనీ నుంచి పారిపోయి రెండేళ్ళయింది. చేతిలో కాగితాలు లేవు. అలాంటివాళ్ళను అక్కడ ఖల్లివల్లి అంటారు. ఊళ్ళో భార్య దౌలత్‌బీ బీడీలు చుట్టేది. ఎనిమిదేళ్ళ కూతురు.

2016లో రంజాన్ నెల ఇంకా నాలుగు రోజులే మిగిలి ఉన్నప్పుడు, ఒక మధ్యాహ్నం ఖాసిం తోట గోడ దూకి వచ్చాడు. చెప్పులు లేవు.

"అన్నా, షెడ్డుల చెకింగ్ వచ్చింది. ముగ్గుర్ని పట్టుకపోయిన్రు. నీ రూంల జర దాసిపెట్టే. ఈద్ అయినంక దుబాయ్ నుంచి మావోడు బండి తెస్తడు. నేనే పోయి కాన్సులేట్ల అవుట్‌పాస్ కాయితం తీసుకుంట, ఇంటికి పోత."

జకరయ్య గేటు వైపు చూశాడు. "ఇక్కడొద్దు తమ్ముడూ. కఫీల్ చూత్తే నా పని ఖలాస్. మడ అడవిలోకి ఎల్దాం రా. లోపల ఇసక దిబ్బుంది, నీళ్ళెక్కవు. రోజూ పొద్దున్నే తిండీ నీళ్ళూ అట్టుకొత్తాను. కుక్క ఎంటుంటే నన్నెవరూ ఆపరు."

బర్నబాను ముందు నడిపించుకుంటూ అతన్ని తీసుకెళ్ళి దిబ్బ మీద కూర్చోబెట్టాడు. పోటు వచ్చినప్పుడు కిందికి దిగొద్దని రెండుసార్లు చెప్పాడు. ఖాసిం సముద్రం లేని ఊరివాడు, పడవలకు రంగులు వేసినా షెడ్డు దాటి ఒడ్డుకు పోయింది తక్కువ. నీళ్ళు వాటంతట అవే పైకెక్కి దిగుతాయంటే అతనికి నమ్మబుద్ధి కాలేదు.

మూడు రోజులు అనుకున్నట్టే జరిగింది. జకరయ్య నాలుగు సీసాల నీళ్ళు, రొట్టెలు సంచిలో వేసుకుని పైన కుక్క తువ్వాలు కప్పేవాడు. ఖాసిం వాటిని పక్కన పెట్టుకుని, "ఉపాసమున్న అన్నా, పొద్దుగూకినంక తింట" అనేవాడు. జూలై ఎండ. ఆ ఉక్కలో ఉపవాసం ఏమిటని జకరయ్య కోప్పడ్డాడు. రెండో రోజుకే ఖాసిం పాదంలో ఊపిరి వేరు ఒకటి లోతుగా గుచ్చుకుంది. మూడో రోజుకు పాదం ఉబ్బి చీలమండ దాకా ఎర్రబడింది. జకరయ్య డెటాల్ పోసి గుడ్డ కట్టాడు. ఒళ్ళు వెచ్చగా ఉందని తెలిసింది.

"ఇగో, ఈ ఫోన్ చచ్చిపోయింది. చార్జింగ్ పెట్టుకొస్తవా? ఈద్‌కు దౌలత్‌బీ ఫోన్ చేస్తది" అని ఖాసిం ఫోన్ ఇచ్చాడు. రేపు తెస్తానని జకరయ్య దాన్ని జేబులో వేసుకున్నాడు.

ఆ సాయంత్రమే కఫీల్ కుటుంబం దిగింది. మూడు కార్లలో పదకొండు మంది. నెలవంక కనబడిందట, తెల్లవారితే ఈద్. "బార్నీని ఎక్కడికీ తీసుకెళ్ళకు, పిల్లలు ఆడుకోవాలి" అన్నాడు కఫీల్.

కుక్క లేకుండా ఒక్కడే అటు పోతే ఎందుకని అడుగుతారు. జకరయ్య అదే అనుకున్నాడు. సీసాల్లో కాసిని నీళ్ళు మిగిలే ఉంటాయి, ఒక్క రోజే కదా అని కూడా అనుకున్నాడు. పండగ పొద్దున అతని గదిలో ఖాసిం ఫోన్ మోగింది. తెర మీద 'ఘర్' అని వచ్చింది. అది మోగుతుంటే నిలబడి చూశాడు. ఆగి మళ్ళీ మోగింది. బయట నుంచి పిలిస్తే మేకపోతును పట్టుకోవడానికి వెళ్ళిపోయాడు.

రెండో రోజు మధ్యాహ్నం ఇక ఉండబట్టలేక బిర్యానీ పొట్లం కట్టి, రెండు నీళ్ళ సీసాలతో కలిపి నల్ల కవర్లో పెట్టుకుని గేటు దాటాడు. కఫీల్ పెద్దకొడుకు కారు దగ్గర నిలబడి ఉన్నాడు.

"వేన్ రాయెహ్?" అని అడిగాడు. ఎక్కడికి అని.

"చెత్త పారేయడానికి" అనేసింది జకరయ్య నోరు.

ఆ అబ్బాయి అక్కడి నుంచి కదల్లేదు. జకరయ్య వీధి చివరి చెత్తకుండీ దాకా నడిచాడు. వెనక్కి చూస్తే ఇంకా అక్కడే ఉన్నాడు. కవరు కుండీలో పడేసి తిరిగొచ్చాడు.

మూడో రోజు శుక్రవారం. నమాజు ముగించుకుని వాళ్ళు షార్జా బయల్దేరారు. చివరి కారు మలుపు తిరగగానే జకరయ్య బర్నబాను తీసుకుని దాదాపు పరుగెత్తాడు. దిబ్బ మీద ఖాసిం లేడు. నాలుగు ఖాళీ సీసాలు ఒకదాని పక్కన ఒకటి ఉన్నాయి. కుక్క తాడు లాక్కుని పాయ వైపు పోయింది. కొమ్మలు తప్పించుకుంటూ అతను చేరేసరికి అది కదలకుండా కూర్చుని ఉంది. ఖాసిం బోర్లా పడి ఉన్నాడు, ముఖం పాయ వైపు. కుంటుతూ, పాకుతూ దిగిన జాడ బురదలో కొంత దూరం కనిపించింది. పోటు వచ్చి, తీసి, చొక్కా మీద ఉప్పుచార పెట్టి పోయింది. నీళ్ళ కోసమే దిగాడు. ఉప్పునీళ్ళని తెలిసే దిగి ఉంటాడు.

జకరయ్య ఎంతసేపు కూర్చున్నాడో అతనికే తెలియదు. లేచాక చేసిన మొదటి పని, దిబ్బ మీది సీసాలు ఏరుకుని సంచిలో వేసుకోవడం. ఆ తర్వాతే పోలీసుల దగ్గరికి వెళ్ళాడు. కుక్క చూపించిందని చెప్పాడు. ఎవరో తెలుసా అని వాళ్ళు హిందీలో అడిగితే, "నహీ సాబ్" అన్నాడు. ఒక పోలీసు బర్నబా తల నిమిరి మంచి కుక్క అని మెచ్చుకున్నాడు.

ఆ సాయంత్రం ఫోన్ మళ్ళీ మోగింది. అతను దాన్ని ఆపేసి బియ్యం డబ్బాలో పెట్టాడు. మర్నాటి నుంచి ఎప్పటిలాగే కుక్కను నడిపించాలి. బర్నబా దిబ్బ వైపే లాగేది. తాడు మొత్తం చేతికి చుట్టుకుని రోడ్డు వెంట తిప్పి తెచ్చేవాడు.

ఫుజైరాలో తెలుగు క్రైస్తవులు శుక్రవారాల్లో ఒక ఇంట్లో ప్రార్థన పెట్టుకునేవారు. అమలాపురం వైపు నుంచి వచ్చిన దయాకుమారి అనే నర్సు అక్కడికి వచ్చేది. రెండు వారాల తర్వాత, ప్రార్థన మొదలయ్యే ముందు ఆమె జకరయ్య పక్కన కూర్చుని మాట కలిపింది.

"మీ కల్బాలో దొరికిన మనిషి ఇంకా మా ఆసుపత్రి మార్చురీలోనే ఉన్నాడండి. పేరు రాసేచోట గీత పెట్టేసారు. ఎవరూ రాలేదు. పాపం ఎక్కడో ఇంట్లోవాళ్ళు ఫోన్ చేత్తానే ఉంటారు కదండీ?"

ఆమెకు ఏమీ తెలియదు. అందరూ పాట అందుకోగానే జకరయ్య లేచి బయటికి వచ్చి కల్బా టాక్సీ ఎక్కాడు. గదిలోకి వెళ్ళి బియ్యంలోంచి ఫోన్ తీసి, 'ఘర్' నొక్కాడు.

ఒక్క రింగుకే దౌలత్‌బీ ఎత్తింది. "ఏడున్నవయ్యా! పదిహేను దినాలాయె, ఫోన్ బంద్ పెడితె మేము ఏమనుకోవాలె?"

"అమ్మా, నేను ఖాసింను కాదు."

ఖాసిం చచ్చిపోయాడని చెప్పాడు. ఎలాగని అడిగితే, మళ్ళీ చెప్తానమ్మా అని పెట్టేశాడు. అదే ఫోన్ పట్టుకుని పోలీసు స్టేషనుకు నడిచి, అతని పేరు, ఊరు, భార్య పేరు, తను దాచిన సంగతి వరుసగా చెప్పాడు.

కఫీల్ షార్జా నుంచి వచ్చి ఎదురుగా కూర్చున్నాడు. కేకలు వేయలేదు. "ముజే క్యోఁ నహీ బోలా? నాకొక్క మాట చెబితే నేనే కాన్సులేటుకు పంపించేవాణ్ణి కదా" అన్నాడు. ఏడేళ్ళు ఆయన ఉప్పు తిన్న జకరయ్యకు, ఆ మాట నిజమే అయి ఉంటుందని అప్పుడు అర్థమైంది. పోలీసులు జకరయ్యను ఆరు వారాలు లోపల ఉంచి, వేలిముద్రలు తీసుకుని, తిరిగి రాకూడదని చెప్పి విమానం ఎక్కించారు. కుక్కను ఎవరికో ఇచ్చేశారని తర్వాత తెలిసింది. ఎవరికో తెలియలేదు.

ఇంటికొచ్చిన నాలుగో రోజు అతను నిజామాబాదు రైలెక్కాడు. దౌలత్‌బీ వాకిట్లో చాట ఒళ్ళో పెట్టుకుని బీడీలు చుడుతోంది. తనెవరో చెప్పి, మంచినీళ్ళు ఇవ్వబోతే వద్దని, గోడ దూకిన రోజు నుంచి మొత్తం చెప్పాడు. బిర్యానీ పొట్లం సంగతి కూడా దాచలేదు. ఆమె చేతులు కాసేపు ఆకు చుడుతూనే ఉండి, ఆగిపోయాయి.

"నిన్ను ఎవరన్న పట్టుకున్నరా? పోనియ్యలేదా?"

"లేదమ్మా. నేనే భయపడ్డాను."

ఆమె ఇంటి లోపలికి చూసింది. లోపల కూతురు పలక మీద ఏదో రాసుకుంటోంది. దౌలత్‌బీ గొంతు తగ్గించింది. "పిల్లకు నేను ఆస్పత్రిల జరమొచ్చి పోయిండని చెప్పిన. మంచంల ఉండె, డాక్టర్లు చూసిన్రు అని చెప్పిన. గట్లనే ఉండనీ. నువ్వు ఎవ్వలకు చెప్పకు."

"అలాగేనమ్మా."

"ఇగ పో అన్నా. మల్ల రాకు."

అతను లేచి నమస్కారం పెట్టాడు. ఆమె చాట వైపే చూస్తోంది. ఆర్మూరు బస్టాండు దాకా ఎండలో నడిచాడు.

ఇప్పుడు తాళ్ళరేవు దగ్గర రొయ్యల చెరువుల మీద కాపలా ఉంటున్నాడు. చెరువు గట్టెక్కితే కోరంగి మడ అడవి ఆ చివర నుంచి ఈ చివర దాకా కనిపిస్తుంది. పీతల కాలంలో తమ్ముళ్ళు రమ్మంటారు. నడుం నొప్పి అంటాడు. భార్య మాత్రం ఆ నొప్పి మాట నమ్మదు. అడిగితే కసురుతాడని అడగడం మానేసింది.