సీలింగు మీద భామ

జంతువులను కాపాడే ఉద్యోగంలో నాకొచ్చే ఫోన్లు చాలావరకు పాముల గురించే ఉంటాయి. అందుకే ఆ ఉదయం ఖరగ్‌పూర్ రైల్వేవాళ్ళ ట్రాఫిక్ కాలనీ నుంచి ఒకావిడ, "బాబూ, మా సీలింగు మీద ఒక భామ ఉన్నాది. పట్టుకుపోతారా?" అని అడిగితే రాంగ్ నంబరనుకున్నాను.

మేము జంతువులను మాత్రమే పట్టుకుంటామని మర్యాదగా చెప్పాను. ఆవిడ వినలేదు. పక్క క్వార్టర్‌లోని బెంగాలీ దీదీయే అది భామేనని చెప్పి ఈ నంబరిచ్చిందనీ, ఇలాంటివాటిని మేమే తీసుకెళ్తామందనీ వాదించింది. తర్వాత గొంతు తగ్గించి, "మా ఆయన్నడిగితే నాకేటీ తెలీదంతన్నారు," అంది.

అప్పటికి నాకు వెలిగింది. బెంగాలీలో భామ్ అంటే మన మానుపిల్లి. చెట్ల మీదా పాత ఇళ్ళ కప్పుల్లోనూ కాపురముంటుంది. నలభై ఏళ్ళుగా ఖరగ్‌పూర్‌లో చేపలను బెంగాలీలోనే బేరమాడుతున్న ఈవిడకు ఆ ఒక్క మాట మాత్రం ఎప్పుడూ తగల్లేదన్నమాట. ఫోన్లో చెప్తే నమ్మేలా లేదు. వలా, చేతితొడుగులూ బండికి తగిలించుకుని బయల్దేరాను.

భర్త గేటు దగ్గరే ఎదురొచ్చాడు. వర్క్‌షాపులో ఫిట్టరు, రిటైర్మెంటుకు ఇంకో ఏడాది ఉంది. "రెండ్రోజులై కూర నేదు నాన్నా, ఉత్త సారన్నమే," అన్నాడు నీరసంగా. రాత్రిళ్ళు సీలింగు మీద అడుగుల చప్పుడు వస్తోందట. పైగా సన్నబియ్యం ఉడుకుతున్న వాసన. పైనున్నది ఎవరో గానీ తన మొగుడికి అన్నం కూడా వండిపెడుతోందని ఆవిడ తేల్చేసింది.

ఆ వాసన మానుపిల్లిదే. నిచ్చెనెక్కి సీలింగు పలకొకటి జరిపి, దానికీ ఇంటి కప్పుకూ మధ్యనున్న ఖాళీలోకి టార్చి వేశాను. మూలన పాత బొంత ముక్క మీద తల్లి, దాని పొట్టకు అతుక్కుని మూడు పిల్లలు. చప్పుడు చేయకుండా ఫోటో తీసి, దిగి, "ఇదిగో పిన్నీ," అని ఆవిడకు చూపించాను. కళ్ళద్దాలు పెట్టుకుని చాలాసేపు చూసింది. తర్వాత భర్త వైపు తిరిగి, "టీ తాగుతారేటి?" అంది. ఆయన వెంటనే తలూపాడు.

ఇక తీసుకుపొమ్మంది. ఇప్పుడు కదిలిస్తే తల్లి బెదిరి పిల్లలను వదిలేయొచ్చనీ, అవి సొంతంగా తిరిగేదాకా ఓ రెండు నెలలు ఓర్చుకోవాలనీ చెప్పాను. తన వల్ల కాదంది. ఎలా ఒప్పించాలో తెలియక, ఇది పునుగు పిల్లికి దగ్గరి చుట్టమని చెప్పాను.

"తిరపతి ఎంకన్నకి పునుగు రాత్తారు, ఆ పిల్లేనా?"

అదే కాదు, దాని చుట్టం మాత్రమేనని నిజాయితీగానే చెప్పాను. ఆవిడ ఆ మాట విననే లేదు. చెప్పులు గుమ్మం బయట విడిచి వచ్చి, సీలింగుకు దణ్ణం పెట్టుకుంది.

ఆ రెండు నెలలూ వారానికోసారి నాకు ఫోనొచ్చేది. ఒక పిల్ల తోక గోడ అంచున కనబడింది, తల్లి రాత్రి ఆలస్యంగా వచ్చింది, ఇలాంటి కబుర్లు. చూడ్డానికి వచ్చిన కాలనీ జనాన్ని గుమ్మం దాటనివ్వలేదు. పిల్లలు జడుసుకుంటాయని బాబాయి చేత టీవీ సౌండు తీయించేసింది. పాపం, ఆయన క్రికెట్టంతా మూగగా చూశాడు.

తర్వాత ఒకరోజు, వారంగా సీలింగు మీద అలికిడి లేదని ఫోన్ చేసింది. వెళ్ళి చూస్తే సీలింగు ఖాళీ. అవి వచ్చిపోయే కంతకు ఇనుప జాలీ బిగించి దిగాను. ఎక్కడికి వెళ్ళుంటాయని పిన్ని అడిగింది. నాకు తెలియదనే చెప్పాను.

"ఒక్క మాట సెప్పకండా ఎల్లిపోనాయి," అని చీర చెంగుతో కళ్ళద్దాలు తుడుచుకుంది.

బాబాయి రిమోట్ అందుకుని మెల్లగా సౌండు పెంచాడు. పిన్ని ఒక్క చూపు చూసేసరికి మళ్ళీ తగ్గించేశాడు.