మూడు పొద్దుల అరుగు

పెద్దమ్మ పోయిందని మిర్యాలగూడ నుంచి ఫోన్ వచ్చేసరికి నేను సూర్యాపేటలో మా వంటింట్లో నేల మీద కూర్చుని, మూతలు లేని డబ్బాలను ఒకవైపు, డబ్బాలు లేని మూతలను ఇంకోవైపు పెడుతున్నాను. ఫోన్ చేసింది పెద్దమ్మ పక్కింటావిడ. "పొద్దుగాల లేవలే బిడ్డా. పిలిస్తే పలకలే. రెండు చేతులు పొట్ట మీద పెట్టుకోని సక్కగ పండుకున్నది" అంది. నేను చేతిలో ఉన్న మూత ఏ డబ్బాదో వెతుకుతూనే ఉన్నాను. ఆ పని నాకు నేర్పింది పెద్దమ్మే.

పెద్దమ్మ అంటే మా అమ్మకు సొంత అక్క. పిల్లలు లేరు. పెదనాన్న రైస్ మిల్లులో గుమాస్తాగా చేస్తూ పోయాక రెండు గదుల కిరాయి ఇంట్లో ఒక్కతే ఉండేది. మా చుట్టాల్లో ఎవరింట్లో పెళ్ళి కుదిరినా, ఎవరైనా కన్నుమూసినా, ఇల్లు సర్దడానికి కబురు ఆవిడకే వెళ్ళేది. మోతె, నడిగూడెం, నిడమనూరు, కోదాడ, ఎక్కడికైనా సరే చేతిసంచిలో రెండు పాత దుప్పట్లు పెట్టుకుని బస్సు దిగేది. రమ్మని అందరూ బతిమాలేవాళ్ళు. వచ్చాక అందరూ జడిసేవాళ్ళు. అటక మీద ఏం దాచామో గుమ్మంలో నిలబడే చెప్పేసేది మరి.

ఆవిడ పద్ధతులు ఆవిడవి. ముందు ఇంటావిడ చేత కడుపునిండా తినిపించేది. ఆకలి మీద సర్దితే అవసరమైనవి కూడా పారేస్తారట. తర్వాత దుప్పటి పరిచి, దాని ముందు కూర్చోబెట్టేది. "నిలవడి సర్దెటోళ్ళు కోపంల సర్దుతరు. కూసో" అనేది. ఇల్లంతా ఒకేసారి తీయనిచ్చేది కాదు. "ఒక్క అర తియ్యి. అది ఒడిసినంకనే ఇంకోటి. అన్ని ఒక్కపారి గుంజితే ఇల్లు బెదురుతది" అనేది. ఇల్లు బెదరడమేమిటని నేను నవ్వితే ఆవిడ నవ్వేది కాదు.

వంటింటితో మొదలుపెట్టేది. ఫొటోలూ ఉత్తరాలూ ఆఖరుకు. వాటి దగ్గర మొదలుపెడితే అక్కడే పొద్దుగూకుతుందని ఆవిడ లెక్క. పెళ్ళిళ్ళలో వచ్చిన స్టీలు టిఫిన్లు, కవర్లలో కుక్కిన కవర్లు, ఏ ఫోన్‌వో తెలియని చార్జర్లు, గడువు దాటిన మందులు, ప్రతిదాన్నీ చేతిలోకి తీసుకుని ఒకటే అడిగేది: "దీన్ని ఆఖరుకు ముట్టిందెవరు?" పోయిన బతుకమ్మ నుంచి ఈ బతుకమ్మ దాకా ఎవరూ ముట్టకపోతే అది దుప్పటి మీద నుంచి అరుగు మీదికి వెళ్ళేది. ఇంకొకరి వస్తువును వాళ్ళను అడక్కుండా కదిలించేది కాదు. అంతా అయ్యాక ఇంట్లో ఒక అర ఖాళీగా వదిలేది. అక్కడేం పెట్టాలని అడిగితే "ఏం పెట్టకు. ఊపిరి తీస్కోనియ్యి" అనేది.

అరుగుదే అసలు కథ. బయట పెట్టిన వాటిని కుప్ప పోయనిచ్చేది కాదు. కుప్ప పోస్తే చెత్త అంటారు, వరుసగా పెడితే వస్తువు అంటారు. అలా వరుసగా మూడు పొద్దులు ఉంచాలి. ఆ లోపల ఇంట్లోవాళ్ళు అడిగితే లోపలికి, బయటివాళ్ళు అడిగితే వాళ్ళింటికి. మూడో పొద్దు గూకేదాకా ఎవరూ అడగనిది ఇక ఈ ఇంట్లో ఉండకూడదు. అరగంటలో తేలే పనికి మూడు రోజులెందుకని చాలామంది విసుక్కునేవాళ్ళు. "అడిగెటోళ్ళు అందరు ఒక్కనాడే రారు బిడ్డా" అనేది. బతికున్న వాళ్ళ గురించే చెబుతోందని నేను అనుకునేదాన్ని.

కోదాడలో మా ఆయన వైపు వదిన వాళ్ళ మామ పోయినప్పుడు పెద్దమ్మకు తోడుగా నేనూ వెళ్ళాను. ఆయన పడుకునే నులక మంచాన్ని అరుగు మీద పెట్టించింది. చలికాలం. రెండో రోజు పొద్దున్నే ముగ్గేద్దామని బయటికి వెళ్ళిన వదిన చీపురు పట్టుకునే వెనక్కి వచ్చింది. వెళ్ళి చూశాం. అరుగంతా మంచు కురిసి తడిగా ఉంది. మంచం కోళ్ళూ పట్టెలూ తడిగా ఉన్నాయి. నులక మధ్యలో మాత్రం మనిషి పొడుగున పొడిగా ఉంది, కాస్త కిందికి వంగి ఉంది.

"మేమంతా లోపలే పడుకున్నాం పెద్దమ్మా, ఒట్టు" అంది వదిన.

కుక్క పడుకుని ఉంటుందన్నాను నేను. కుక్క అంత పొడుగుండదని నాకూ తెలుసు. పెద్దమ్మ నులక మీద అరచెయ్యి పెట్టి చూసి, "ఇంక అడుగుతుండు. లోపలికి తీస్కపోండ్రి. వచ్చే ఏడు సూద్దాం" అంది, పాలవాడు రేపు వస్తానన్నాడన్నంత మామూలుగా. మంచం లోపలికి వెళ్ళింది. మేము పప్పు, అన్నం తిని వంటింటి రెండో అర తీశాం.

ఇక నా తప్పు. అమ్మ చివరి రోజుల్లో మా ఇంట్లోనే ఉండేది. అమ్మ పోయినప్పుడు పెద్దమ్మకు మోకాళ్ళు వాచి మంచం దిగలేని స్థితి. "నేనొచ్చేదాక అల్మారా ముట్టకు. లేకుంటె నువ్వే మూడు పొద్దులు అరుగు మీద పెట్టు" అని ఫోన్లో చెప్పింది. నాకు ఆ చీరలు కళ్ళపడితే ఏడుపు ఆగేది కాదు. ఒక మధ్యాహ్నం వీధిలో పాత బట్టలకు స్టీలు గిన్నెలిచ్చే ఆమె కేకేసుకుంటూ వచ్చింది. ఏం పూనిందో, పావుగంటలో అల్మారా మొత్తం ఆమె ముందు పోశాను. కుప్పగానే పోశాను. బదులుగా ఒక పెద్ద బేసిన్ ఇచ్చి వెళ్ళింది. వారం తర్వాత పెద్దమ్మ అడిగింది.

"మూడు పొద్దులు పెట్టినవా?"

"పెట్టిన పెద్దమ్మా. ఎవ్వరు అడగలే."

"మీ అమ్మ గూడ అడగలేదా?" అంది. నేను నవ్వేసి మాట మార్చాను.

అప్పటి నుంచి ప్రతి పొద్దునా ఆ అల్మారా తలుపు తెరుచుకుని ఉండేది. మడతబందు వదులైందని మా ఆయన కాగితం నాలుగు మడతలు పెట్టి సందులో బిగించాడు. తెల్లారి చూస్తే తలుపు తెరిచే ఉంది. కాగితం కింద పడలేదు. ఖాళీ అరలో, సరిగ్గా మధ్యలో, మడత విప్పి చదును చేసి పెట్టి ఉంది. నువ్వే పెట్టావని ఆయన, మీరే పెట్టారని నేను, కాసేపు వాదించుకున్నాం. తర్వాత ఇద్దరం ఆ సంగతి ఎత్తడం మానేశాం. ఆ అల్మారాలో ఏదీ పెట్టడం కూడా మానేశాం.

ఆ తర్వాత పెద్దమ్మ రెండుసార్లు అడిగింది, "నాలుగు దినాలు నీ కాడికొచ్చి ఉందునా" అని. మొదటిసారి ఇంటికి రంగులేస్తున్నారన్నాను. రెండోసారి మా ఆయనకు జ్వరమన్నాను. రంగులూ లేవు, జ్వరమూ లేదు. ఆవిడ వస్తే గుమ్మంలోనే నా అబద్ధం తెలిసిపోతుందని భయం. నన్ను ఎత్తుకుని తిప్పిన మనిషిని, నేను నిజంగా ప్రేమించిన మనిషిని, ఒక బేసిన్ కోసం ఇంటికి రానివ్వలేదు. ఇలా రాసుకుంటే గాని నాకే అర్థం కాలేదు.

అంత్యక్రియల రోజు మిర్యాలగూడ ఇంటినిండా జనం. అయినా ఆ రెండు గదుల్లో ఎంతమంది వచ్చినా ఇంకా చోటు మిగలడం చూసి ఎందుకో వింతగా అనిపించింది. ఏడుపులో దాని గురించి ఆలోచించలేదు. పెద్దకర్మ అయిన మర్నాడు ఇల్లు ఖాళీ చేసి తాళంచెవి ఇవ్వాలని, నాలుగు ఖాళీ గోనెసంచులు పట్టుకుని మళ్ళీ వెళ్ళాను.

సర్దడానికి ఏమీ లేదు. అరలన్నీ తుడిచి, కొత్త పేపరు పరిచి ఉన్నాయి. వంటింట్లో చెంచా లేదు. పెదనాన్న ఫొటో మేకు కూడా పీకేసి ఉంది. ఎప్పుడూ ఒక్క అరే ఖాళీగా వదిలే మనిషి ఈసారి అన్నీ వదిలింది. నా అడుగుల చప్పుడు నాకే ఎవరో వెనక నడుస్తున్నట్టు వినిపించి, సంచులతో బయటికి వచ్చేశాను.

పక్కింటావిడ గోడ మీంచి చూసి దగ్గరికొచ్చింది. "నీకు ఎరుక లేదా బిడ్డా? పోయే ముందు మూడు దినాలు అన్ని అరుగు మీద వరుసగ పెట్టింది. నేను చాటలు, జల్లెడ అడిగిన. మూలింటామె గ్యాస్ పొయ్యి అడిగింది. పెట్టెలు, గిన్నెలు, అన్ని వోయినయ్. ఊరికి పోతున్నవా అంటే ఆ పోతున్న అన్నది."

"ఏమీ మిగల్లేదా?" అన్నాను.

ఆవిడ కొంగు మూతికి అడ్డం పెట్టుకుంది. "మూడో దినం మాపటికి అరుగు ఖాళీ అయింది. ఆఖరుకు తనే వచ్చి గాడ కూసున్నది. గా వరుసల, మొన్న పెట్టె ఉన్న జాగల. ఏందమ్మా గీడ కూసున్నవ్ అంటే, సూస్తున్న బిడ్డా అన్నది. నేను నవ్విన. పొద్దు గూకేదాక కూసోని, లేసి లోపటికి వోయింది. గంతే."

ఆ మూడో రోజు సాయంత్రమే పెద్దమ్మ నాకు ఫోన్ చేసింది. ఈ మాట ఇప్పటిదాకా మా ఆయనకు కూడా చెప్పలేదు. అయిదు గంటలప్పుడు. "నా ఇంట్లయి నీకేమన్న కావాల్నా బిడ్డా" అని అడిగింది. అక్కడ ఆ అరుగు మీద, ఆ వరుసలో కూర్చుని అడుగుతోందని నాకేం తెలుసు. "నాకేం వద్దు పెద్దమ్మా. ఉన్నయే ఎక్కువైనయ్" అన్నాను. "మంచిది. అడిగిన, గంతే" అని పెట్టేసింది.

పక్కింటావిడ చూపించిన చోట కూర్చున్నాను. గచ్చు ఎండకు కాగాలి గానీ చల్లగా ఉంది. సిగ్గు విడిచి పైకే మాట్లాడాను. గిన్నెలామె వచ్చిన మధ్యాహ్నం గురించి చెప్పాను. పావుగంట అని చెప్పాను, కుప్ప పోశానని చెప్పాను. అమ్మ అడుగుతూనే ఉందని చెప్పాను. తర్వాత, "నువ్వు కావాలె పెద్దమ్మా. నిన్ను అడుగుతున్న. మా ఇంటికి రా" అన్నాను. మూడు పొద్దులు దాటి పన్నెండు రోజులైంది. ఆవిడ పద్ధతిలో ఇలాంటి అడగడం చెల్లదు. అయినా పొద్దు గూకేదాకా అక్కడే కూర్చున్నాను.

సూర్యాపేట బస్సు కిక్కిరిసి ఉంది. అయినా ఇద్దరు కూర్చునే సీటొకటి ఖాళీగా కనిపిస్తే ఇవతలి చివర కూర్చున్నాను. కిటికీ వైపు జరుగుదామనుకుని ఎందుకో జరగలేదు. నిలబడ్డవాళ్ళు అంతమంది ఉన్నా, ఆ కిటికీ పక్క చోటు కావాలని ఒక్కరూ అడగలేదు. కండక్టర్ వచ్చి ఆడవాళ్ళ ఉచిత టికెట్‌కు ఆధార్ చూపించమన్నాడు. చూపించాను. ఆయన నా పక్కకు ఒకసారి చూసి, "అవ్వది సూపియ్యకున్న నడుస్తది తియ్" అని, మిషన్‌లోంచి రెండు జీరో టికెట్లు చింపి నా చేతిలో పెట్టి ముందుకు వెళ్ళిపోయాడు. రెండు టికెట్లూ గుప్పిట్లో పట్టుకుని, ఆవిడకు ఇరుకు కాకుండా ఇంకొంచెం ఇవతలికి జరిగి కూర్చున్నాను.