సరంగు పళ్ళు చెప్పిన నెల

ఆమె ఎవరితో మాట్లాడినా ముందు వాళ్ళ నోట్లోకి చూస్తుంది. అది మర్యాద కాదని ఆమెకూ తెలుసు. పద్నాలుగేళ్ళుగా కట్టుడు పళ్ళు చేస్తున్న మనిషి ఇంకెక్కడికి చూస్తుంది చెప్పండి. బస్సులో ఎదుటి సీటు పెద్దాయన ఆవలిస్తే చాలు, ఆ పై వరుస ఎంత హడావిడిగా చేశారో, ఏ పన్ను పిసరంత ఎత్తుగా నిలబెట్టారో కనిపెట్టేస్తుంది. ఆయన నోరు మూసేస్తే కాస్త చిన్నబుచ్చుకుంటుంది కూడా.

ఆమె పనిచేసే పళ్ళ ల్యాబు మందుల షాపు పైన రెండు గదులు. ముందు గదిలో ప్లాస్టర్ దుమ్ము, వెనక గదిలో మైనం వాసన. కిటికీ పక్కన ఆమె బల్ల, దాని మీద చిన్న మంటదీపం, నాలుగు సన్న కత్తులు, ఎవరెవరివో దవడల అచ్చులు. యజమాని అరవై దాటిన మనిషి, మెచ్చుకోవడం ఆయనకు చేతకాదు. తన పళ్ళు ఊడినప్పుడు మాత్రం ఊళ్ళో ఇన్ని ల్యాబులుండగా ఆమె చేతే చేయించుకున్నాడు. అంతకంటే గొప్ప మెప్పు ఆమె ఎవర్నీ అడగలేదు.

ఇంత నెమ్మదైన మనిషికి ఒక పిచ్చి ఉంది. దాని పేరు ‘ఉప్పు దీవులు’. అదొక వీడియో గేమ్. ముసలి సరంగు ఒకడు చిన్న పడవలో దీవి దీవికీ వెళ్ళి, ఆరిపోయిన దీపాలు వెలిగిస్తుంటాడు. అంతే కథ. ఆమె ల్యాబులో చేరిన ఏడాదే మొదటి భాగం వచ్చింది. పాత సామాన్ల కొట్లో దొరికిన ఆట మిషనుకు కంట్రోలర్ ఒక్కటే ఉంది, ఇంట్లో ఆడేవాళ్ళేమో ఇద్దరు, ఆమె, ఆమె చెల్లెలు. ఒకరు ఆడుతుంటే ఒకరు చూస్తూ కూర్చునే ఓపిక ఇద్దరికీ లేదు. రెండు రోజులు జుట్టూ జుట్టూ పట్టుకున్నాక ఒక ఒప్పందానికొచ్చారు. కంట్రోలర్లో ఎడమ సగం అక్కది, కుడి సగం చెల్లెలిది. అక్క నడిపిస్తుంది, చెల్లెలు దూకిస్తుంది. భుజం భుజం ఆనించుకుని, కంట్రోలర్ని చెరో చేత్తో పట్టుకుని, ఆట మొత్తం అలాగే ఆడేశారు. ఒకసారి చెల్లెలికి జ్వరమొస్తే అక్క ఒక్కతే కూర్చుంది. సరంగు దర్జాగా గట్టు చివరిదాకా నడిచి, దూకకుండా తిన్నగా నీళ్ళలో పడ్డాడు.

తర్వాత చెల్లెలు సముద్రం లోతు కొలిచే ఓడలో వంటమనిషిగా చేరింది. అటూఇటూగా అయిదు నెలలు నీళ్ళ మీద, ఒక నెల ఇంట్లో. ఓడ నుంచి రోజుకొక్కసారి, మధ్యాహ్నం పూట, రెండు ముక్కల మెసేజి వస్తుంది. రెండో భాగం వస్తోందని అయిదేళ్ళ కిందట మొదటి ట్రైలర్ పడ్డ రోజునే ఇద్దరూ మాటిచ్చుకున్నారు, విడుదలైన రోజున మొదటి అడుగు ఇద్దరూ కలిసే వెయ్యాలని. ఎప్పుడు విడుదలో మాత్రం ఆట చేసినవాళ్ళు నోరు మెదపలేదు. అభిమానుల కళ్ళు కాయలు కాచిపోయాయి.

ఆ అభిమానులకు ఫోన్లో ఒక గ్రూపుంది, రెండొందల పన్నెండు మంది. వాళ్ళకు వేరే పనులున్నాయో లేవో తెలియదు కానీ, విడుదల తేదీ ఊహించడం మాత్రం ఉద్యోగంలా చేస్తారు. దానికో చిట్టా ఉంది. అందులో ఒకసారి నెల పేరు రాశాక మార్చడానికి లేదు. తప్పినవాళ్ళు నెల రోజులు తమ ఫోటో తీసేసి గాడిద బొమ్మ పెట్టుకోవాలి. చిట్టా రాసేది లెక్కల మాస్టారు. నిజంగానే బడిలో లెక్కలు చెప్పే ఆయన. ఆమె గ్రూపులో తన ఫోటోకి బదులు ప్లాస్టర్ దవడ పెట్టుకుంది కనక అందరికీ పళ్ళక్క అయింది.

చివరికి ఒక ఏప్రిల్లో మూడో ట్రైలర్ వచ్చింది. గ్రూపు ఒక్కసారిగా తేనెతుట్టె కదిలినట్టయింది. మాస్టారు ట్రైలర్ని నిలిపి నిలిపి చూసి, వెలిగిన దీపాలు పన్నెండు, ఎగిరిన పక్షులు పన్నెండు, కనక పన్నెండో నెల అని తేల్చేశారు. ఆ లెక్కకు ఎదురులేదు. వారం తిరిగేసరికి రెండొందల పదకొండు మందీ డిసెంబరు అని రాసేశారు. మిగిలింది ఆమె ఒక్కతే.

ఆమెకు తొందరేం లేదు. తొందరంతా చెల్లెలికి. మే నెలలో ఓడ నుంచి మెసేజి వచ్చింది. "సెలవు ఫారం ఇచ్చారు. ఆగస్టు, అక్టోబరు, డిసెంబరు. ఒకటే టిక్కు పెట్టాలి. శుక్రవారం ఆఖరు. ఆట ఎప్పుడొస్తుందో నువ్వే చెప్పక్కా."

ఆ మెసేజి వచ్చింది సోమవారం. ఆమెకు నిద్ర పట్టినా తిండి సయించలేదు. టిక్కు తప్పితే, ఆట వచ్చిన రోజున చెల్లెలు ఎక్కడో సముద్రం మధ్యన కూరలు తరుగుతుంటుంది. మాట మాటగానే మిగిలిపోతుంది. డిసెంబరు అనేస్తే ఏ బాధా లేదు, తప్పినా అందరితోపాటు గాడిద. కానీ ఆమె దీపాలు లెక్కపెట్టలేదు, పక్షుల్నీ లెక్కపెట్టలేదు. ఆమె చూసింది సరంగు నవ్వు. ట్రైలర్లో తొమ్మిది సెకన్లుంది. ఆ తొమ్మిది సెకన్లూ ఆమె ఎన్నిసార్లు చూసిందో చెబితే మీరు నవ్వుతారు.

మొదటి ట్రైలర్లో సరంగు నోట్లో పళ్ళు లేవు, తెల్లటి పట్టీ ఒకటుంది. ఏడాదిన్నర కిందటి రెండో దాంట్లో పళ్ళు విడివిడిగా పేర్చారు గానీ అన్నీ ఒకే రంగు, ఒకే పొడవు, పెట్టెలోంచి అప్పుడే తీసినట్టు. ఇప్పుడు అలా కాదు. కోరపన్ను మొన అరిగింది. ముందుపన్ను ఊడిన ఖాళీలోకి పక్కపన్ను కాస్త ఒరిగింది. అసలు నోట్లో అలాగే ఒరుగుతుంది. అది చూసి ఆమె ఒళ్ళు జల్లుమంది. అంతకంటే పెద్ద విశేషం ఇంకోటి. సరంగు వెనక గుంపులో తాళ్ళు అమ్మే ఆడమనిషి కనురెప్ప వేసేంతసేపు నోరు తెరుస్తుంది. ఆ ఆడమనిషికీ అరిగిన పళ్ళున్నాయి, అదీ దవడపళ్ళతో సహా.

ఎవరూ చూడని నోట్లోకి ఎవరైనా ఎప్పుడు వెళతారు? ముందు పని అంతా అయిపోయాక. ల్యాబులోనూ అంతే. పళ్ళు మైనంలో పేర్చి, మనిషికి పెట్టి చూసి, సరే అనిపించుకునేదాకా ఆరు రోజులు. అక్కణ్ణుంచి మెరుగు పెట్టి చేతికిచ్చేదాకా రెండు రోజులు. రెండో ట్రైలర్ నుంచి మూడోదానికి పద్దెనిమిది నెలలైతే, మిగిలింది అందులో మూడో వంతు. ఏప్రిల్ నుంచి ఆరు నెలలు. వేళ్ళ మీద మళ్ళీ మళ్ళీ లెక్కపెట్టుకుంది. అక్టోబరు, అదీ మొదటి వారంలోనే.

శుక్రవారం మధ్యాహ్నం చెల్లెలికి ఒక్క ముక్క పంపింది, "అక్టోబరు" అని. పంపాక ఫోను బోర్లించి పెట్టింది. ఆ తర్వాత చిట్టాలోనూ అదే రాసి, కారణం కూడా రాసింది. గ్రూపు కడుపుబ్బ నవ్వింది. పళ్ళను బట్టి నెల చెప్పడమేంటని ఒకరు, సరంగుకు పన్ను పోటు ఎప్పుడొస్తుందో కూడా చెప్పమని ఇంకొకరు. మాస్టారు మాత్రం పెద్దమనిషి తరహాలో, గాడిద బొమ్మ మంచిది చూసి పంపుతానన్నారు.

ఆగస్టు గడిచింది. సెప్టెంబరూ గడిచింది. చేసినవాళ్ళ నుంచి ఉలుకూ లేదు, పలుకూ లేదు. అక్టోబరు ఒకటిన చెల్లెలు సంచి భుజాన వేసుకుని దిగింది. మొదటి వారం ఇద్దరూ పొద్దున లేవగానే ఫోన్లు చూడటమే పని. రెండో వారం చెల్లెలు ఆట ఊసెత్తడం మానేసింది. ఏమైనా అని ఉంటే బాగుండేది. అనకుండా ఇల్లు సర్దుతూ, బీరువాలు తుడుస్తూ తిరుగుతుంటే అక్క పెందరాళే ల్యాబుకు బయలుదేరిపోయేది. తన తెలివితేటలు తగలబడ అనుకుంది, ఎంచక్కా డిసెంబరు అని ఊరుకోక.

పదహారో తేదీ పదకొండు గంటలప్పుడు, ఆమె మైనంలో కోరపన్ను పొదుగుతుండగా, బల్ల మీద ఫోను మోగి ఆగింది. మళ్ళీ మోగింది. ఇక ఆగలేదు. గ్రూపులో రెండు నిమిషాల్లో మూడొందల మెసేజీలు. పైన ఒకే ఒక్క వాక్యం: ‘ఉప్పు దీవులు’ రెండో భాగం, అక్టోబరు ముప్ఫై, ఉదయం పది గంటలకు.

ఆమె లేచి నిలబడింది. కూర్చుంది. మళ్ళీ లేచింది. ముందు గదిలోకి వెళ్ళి, ఎందుకొచ్చిందో తెలియక వెనక్కొచ్చింది. నవ్వుతోందో ఏడుస్తోందో ఆమెకే తెలియదు. యజమాని వచ్చి బల్ల మీది అచ్చు చేతిలోకి తీసుకుని చూశాడు. ఎడమ కోరపన్ను కుడివైపుంది. పద్నాలుగేళ్ళలో అలాంటి తప్పు ఆమె చెయ్యలేదు. ఎవరైనా పోయారా అని మెల్లగా అడిగాడు.

ఆమె అంతా చెప్పింది, ఆరు రోజులూ రెండు రోజుల లెక్కతో సహా. మొదటి వారం అనుకున్నది నెలాఖరుకు ఎందుకు జరిగిందో తెలియడం లేదంది. ఆయన అచ్చు బల్ల మీద పెట్టాడు.

"డబ్బా మర్చిపోయావమ్మా. మెరుగు పెట్టాక డబ్బాలో సర్దాలి, చీటీ అంటించాలి, మనిషిని పంపాలి. దానికో పూట పడుతుందని నేను ఎప్పుడూ మొత్తుకునేదే," అన్నాడు. ఆ తర్వాత ముప్ఫైన పనిలోకి రావద్దని కూడా ఆయనే చెప్పాడు. మెప్పులాంటిది ఆ నోటి వెంట ఆమె వినడం అదే మొదలు.

ముప్ఫై సాయంత్రమే ఓడ కదిలేది. రేవుకు వెళ్ళే రైలు నాలుగింటికి, ఇంట్లోంచి మూడింటికి బయలుదేరాలి. పదింటికి ఆట వస్తే అయిదు గంటలు చేతిలో ఉంటాయని ఇద్దరూ మురిసిపోయారు. కానీ మిషనులోకి దిగడానికే ఆటకు రెండు గంటలు పట్టింది. తెర మీద గీత జరుగుతుంటే చెల్లెలు సంచి సర్దడం, వచ్చి గీతను చూడటం, వెళ్ళి ఇంకో రెండు బట్టలు సర్దడం. నలభై శాతం దగ్గర గీత ఆగినట్టనిపిస్తే, అది మళ్ళీ కదిలేదాకా ఇద్దరూ తెర ముందే కూర్చున్నారు. పన్నెండింటికి సరిగ్గా తెర నీలంగా మారింది, సముద్రం వచ్చింది.

రెండో భాగం కోసం కొన్న కొత్త మిషనుకు కంట్రోలర్లు రెండున్నాయి. రెండోది పెట్టెలోంచి తీద్దామని ఒక్కరికీ తట్టలేదు. భుజం భుజం ఆనింది. ఎడమ సగం అక్కది, కుడి సగం చెల్లెలిది. సరంగు పడవలోంచి దిగి ఇసుక మీద మొదటి అడుగు వేశాడు, రెండో అడుగు వేశాడు, చిన్న గుంట ఎదురైతే ఎగిరి అవతలికి దూకాడు. అక్కాచెల్లెళ్ళు ఒకేసారి కేక వేశారు. పక్కింటివాళ్ళు తలుపు తట్టి కుశలం కనుక్కుని వెళ్ళారు. మొదటి దీపం వెలిగినప్పుడు సరంగు వెనక్కి తిరిగి నవ్వాడు. అక్క తెరకు మొహం ఆనించేసి, దవడపళ్ళకు కూడా మెరుగు పెట్టారని గట్టిగా చెప్పింది. ఆమె అంత సంతోషపడి ఎన్నేళ్ళయిందో.

మూడో దీపానికి వెళ్ళే దారిలో పెద్ద లోయ ఒకటి వచ్చింది. సరంగు అంచున నిలబడ్డాడు. గడియారం మూడు చూపిస్తోంది.

చెల్లెలు కంట్రోలర్ మీంచి చెయ్యి తీసింది. చెప్పులు వేసుకుంటూ, నాకోసం ఆగకు, నువ్వు ఆడేసుకో అంది. "అయిదు నెలలక్కా. ఈలోపు ఎవడో ఒకడు ఆఖర్న ఏమవుతుందో చెప్పేస్తాడు."

"నాకు దూకడం రాదు కదే," అంది అక్క.

చెల్లెలు వెళ్ళాక ఆమె ఒక్కతే కూర్చుని కంట్రోలర్ చేతిలోకి తీసుకుంది. సరంగును అంచు వెంట కాస్త అటూ ఇటూ నడిపించింది. రెండో దీపం దగ్గరికి వెనక్కి తీసుకెళ్ళి, అక్కడ కూర్చోబెట్టి, మిషను ఆపేసింది.

గ్రూపు నిండా గాడిదలు. రెండొందల పదకొండు గాడిదల మధ్య ఒకే ఒక్క ప్లాస్టర్ దవడ. వారంలో అందరూ ఆట పూర్తి చేశారు. పళ్ళక్క మాత్రం పలకదేమని మాస్టారు గాడిద బొమ్మతోనే వచ్చి అడిగారు. ఆమె ఉన్నదున్నట్టు రాసింది. లోయ, కుడి సగం, ఓడ. ఆ తర్వాత ఆట చివర గురించి ఆ గ్రూపులో ఎవరైనా ఒక్క ముక్క రాస్తే ఒట్టు. మాస్టారు కొత్త చిట్టా తెరిచారు, పళ్ళక్క ఏ నెలలో పూర్తి చేస్తుందని. పాత పందెమే, తప్పితే గాడిద. ఈసారి దీపాలూ పక్షులూ లేకపోవడంతో ఆయన లెక్క సాగక, ఓడల రాకపోకల పట్టిక ఎక్కడ దొరుకుతుందని వాకబు మొదలెట్టారు.

జనవరిలో ఒక మధ్యాహ్నం, ఆమె ఎవరికో కింది వరుస పేరుస్తుండగా చెల్లెలి మెసేజి వచ్చింది. "ఫారం ఇచ్చారు. ఏప్రిల్, మే, జూన్. శుక్రవారం ఆఖరు. ఏది పెట్టమంటావు?"

ఈసారి ఆమె వేళ్ళు మడవలేదు. మైనం చేతిమీద ఉండగానే జవాబు కొట్టింది.

"ఏది ముందుంటే అది."