కిటికీ లేని గదే కావాలన్నది

మా అమ్మాయికి పదో తరగతి పరీక్షలు అయిపోయిన ఎండాకాలం. సెలవులకు ఎక్కడికైనా పోదామని మా ఇంట్లో ఎవరూ అనరు. మహా అయితే ఆటో మాట్లాడుకుని ధర్మసాగర్ చెరువు కట్ట దాకా పోయి, ఆటోలోనే కూర్చుని నీళ్ళు చూసి, మిర్చి బజ్జీలు తిని వచ్చేవాళ్ళం. అమ్మాయికి పుట్టుకతోనే వెన్నులో లోపం ఉంది. కాళ్ళు ఆడవు. ఇంట్లోనూ బడిలోనూ చక్రాల కుర్చీలోనే తిరుగుతుంది. మెట్లు వస్తే మాత్రం వాళ్ళ నాన్న ఎత్తుకోవాలి. చర్చికి పోయినా, పెళ్ళికి పోయినా, దవాఖానకు పోయినా అంతే.

మాది కాజీపేట. నేను ఇంటి ముందు గదిలో బట్టలు కుడతాను. మా ఆయన కొత్త ఇళ్ళకు కరెంటు వైరింగు చేస్తాడు. మా అత్తమ్మ మాతోనే ఉంటుంది.

ఓడ సంగతి మొదట ఎత్తింది అమ్మాయే. నేను జాకెట్టుకు హుక్కులు కుడుతుంటే ఫోన్ తెచ్చి నా ముందు పెట్టింది. అందులో ఒకామె చక్రాల కుర్చీలో ఓడంతా తిరుగుతోంది. అన్నం తినేచోటికీ, పాటలు పాడేచోటికీ, పై అంతస్తుకూ ఒక్కతే పోతోంది.

"మమ్మీ, అంతటా లిఫ్టే ఉంటదట. ఒక్క మెట్టు గూడ ఎక్కే పని లేదట" అంది.

"మనసొంటోళ్ళు పోతరా బిడ్డా ఓడలల్ల?"

"చెన్నై నుంచి వైజాగ్ పోయి మళ్ళొస్తది. మూడు రాత్రులే. ఎండాకాలం ఆఫర్ ఉందట. కాజీపేటల రైలెక్కితె చెన్నైలనే దిగుతం గదా!"

అంతా ముందే చూసి పెట్టుకుందని నాకు అర్థమైంది. రాత్రి అన్నాల దగ్గర మా ఆయనకు చెప్పాను. పాత బండి అమ్మి కొత్తది కొందామని చిట్టీ ఎత్తి ఉంచాడు. చేయి కడుక్కుని వచ్చి, "బండి ఇంకో యేడు నడుస్తదిలే" అన్నాడు.

హన్మకొండ చౌరస్తా దగ్గర ఒక ట్రావెల్స్ ఆఫీసుకు పోయాం. అది మొదటి అంతస్తులో ఉంది. మా ఆయన అలవాటుగా చొక్కా చేతులు పైకి మడుస్తుంటే అమ్మాయి, "మీరు పోయి రాన్రి, నేను కిందనే ఉంట" అంది. పైన పనిచేసే పిల్లకు ఈ సంగతి చెప్పగానే ఆమె లాప్‌టాప్ చంకన పెట్టుకుని మాతో పాటు కిందికి దిగింది. జిరాక్స్ షాపు అరుగు మీద కూర్చుని, తెర మా అమ్మాయి వైపే తిప్పింది.

"చూడు చెల్లె, మీ బడ్జెట్‌ల రెండు రకాల రూములు దొరుకుతయి. ఒకటి కిటికీ ఉన్న మామూలు రూమ్. కిటికీ తెరువరాదు గానీ సముద్రం మంచిగ కనవడ్తది. అయితే తలుపు సన్నగుంటది. కుర్చీ పోదు, మడిచి బయట పెట్టాలె. ఇంకోటి కుర్చీ వాళ్ళ కోసమే కట్టిన రూమ్. తలుపు పెద్దగుంటది, బాత్రూంల కడప ఉండది. కానీ లోపలి వైపు. కిటికీయే ఉండది."

"కుర్చీ వాళ్ళ రూముకే బాల్కనీ ఉన్నది లేదామ్మా?" అని మా ఆయన అడిగాడు.

ఉందని చెప్పి, దాని రేటు కూడా చెప్పింది. మా ఆయన మరి దాని ఊసెత్తలేదు. కుర్చీ వాళ్ళ లోపలి గదుల్లో ఒక్కటే మిగిలిందనీ, రెండు రోజులు మా కోసం ఆపుతాననీ అంది.

ఇంటికి వచ్చాక మొదలైంది వాదన. మా ఆయన కిటికీ గదే అన్నాడు.

"అంత దూరం పోయి, అన్ని పైసలు పెట్టి, నాలుగు గోడలు చూసుకుంట కూసుంటమా? తలుపుదేముంది, నేను ఎత్తుకుంట. ఇన్నేండ్ల సంది ఎత్తుకుంటలేనా?"

మా అత్తమ్మ కూడా కొడుకు వైపే. "కిటికీ లేని అర్రల నాకు ఊపిరాడదు బిడ్డా. నేను రాను, మీరే పోన్రి."

నాకూ మనసులో కిటికీయే ఉంది. పిల్ల మంచం మీద పడుకుని సముద్రం చూస్తుంటే ఎలా ఉంటుందో ఊహించుకుంటున్నాను. అమ్మాయి మాత్రం మరునాడు పొద్దున, ఆ ట్రావెల్స్ పిల్ల పంపిన కొలతలు నా చేతిలో పెట్టి, "మమ్మీ, వాకిట్ల గీసి చూద్దామా?" అంది.

నా కుట్టుపని టేపు తీసుకున్నాను. పక్కింటి ఆమెను ముగ్గుపిండి అడిగాను. మా ఇంటి ముందు సీసీ రోడ్డు మీద ముందుగా కిటికీ గది గీశాం. గోడలు, రెండు మంచాలు, బీరువా, బాత్రూం, చివరన కిటికీ. పక్కింటామె గేటు దగ్గర నిలబడి చూసి, "ఏం ముగ్గేస్తాన్రు వదినా? మీ క్రిస్మస్‌కు ఇంక ఎనిమిది నెలలుండె గదా!" అని నవ్వింది.

తలుపు ఉండే చోట మా ఆయన అటొకటి ఇటొకటి ఇటుకలు పెట్టాడు. అమ్మాయి కుర్చీ తోసుకుంటూ వచ్చింది. రెండు చక్రాలూ ఇటుకలకు తగిలి ఆగిపోయాయి.

"గింతే గదా" అని మా ఆయన ఆమెను కుర్చీలోంచి ఎత్తుకుని, ఇటుకల మధ్య నుంచి లోపలికి నడిచి, ముగ్గు మంచం మీద పరిచిన చాప మీద కూర్చోబెట్టాడు. "ఏమైంది? అయిపాయె!"

అప్పటికే గల్లీలో నలుగురైదుగురు నిలబడి చూస్తున్నారు. అమ్మాయి పైకి జరిగిన కుర్తాను రెండు చేతులతో కిందికి లాక్కుంటోంది. మొహం ఎర్రబడింది. పదిహేనేళ్ళ పిల్ల. ఆ రోజు వరకూ నేను అది చూడలేదో, చూసి కూడా ఏం చేస్తాంలే అనుకున్నానో ఇప్పుడు చెప్పలేను.

"డాడీ, నన్ను కుర్చీల కూసోపెట్టు" అంది మెల్లగా. కూర్చోబెట్టాడు. లోపలికి పోయాం. అందరం కూర్చున్నాక తలెత్తి వాళ్ళ నాన్న వైపే చూస్తూ మాట్లాడింది.

"నాకు కిటికీ వద్దు డాడీ. బడిల అందరు గ్రౌండ్‌ల ఆడుతాంటె నేను కిటికీలకెల్లే చూసిన. ఆటోల పోతె ఆటోలకెల్లే చూస్త. గీ ఇంట్ల గూడ గా కిటికే. ఓడ మీదికి పోయి మళ్ళ కిటికీలకెల్లి చూసుడెందుకు? కుర్చీ పట్టే తలుపుంటె నేనే బయటికి పోత. నువ్వు ఎత్తుకునుడు వద్దు. నీ మీద కోపం కాదు. నేను పెద్దగైన గదా."

మా ఆయన ఫోన్ తీసుకుని వాకిట్లోకి పోయాడు. అతని గొంతు లోపలికి వినపడింది. "అమ్మా, గా కిటికీ లేని రూమే బుక్ చెయ్యి. ఆ... మా బిడ్డకు అదే నచ్చింది."

మా అత్తమ్మ కొంగుతో కళ్ళు తుడుచుకుని, "సరె తియ్, ఊపిరాడకుంటె నేను గూడ బయటికే పోత" అంది.

చెన్నై దాకా రైలులో ఎక్కించడం, దించడం ఎప్పటిలాగే చేతుల మీదే జరిగింది. రేవులో చాలాసేపు లైన్లలో ఉన్నాం. చెమటతో తడిసిపోయాం. చివరికి ఓడలోకి ఎక్కే వాలు దారి వచ్చింది. ఓడ మనిషి ఒకతను తోయడానికి ముందుకు వస్తే అమ్మాయి చేయి అడ్డంపెట్టి వద్దంది. తనే తోసుకుంటూ ఎక్కింది. సగంలో అలసి ఆగింది. మా ఆయన ఒక అడుగు వెనకాల రెండు చేతులూ చాచి నడిచాడు గాని కుర్చీని ముట్టుకోలేదు.

గది మేము వాకిట్లో గీసిన కిటికీ గదికంటే కాస్త వెడల్పుగా ఉంది. కింద రెండు మంచాలు, గోడకు మడిచిపెట్టిన మరో రెండు పైన. దీపం ఆర్పితే మన చేయి మనకు కనపడదు. మా అత్తమ్మ తమ్ముడు సింగరేణిలో పనిచేసేవాడు. ఆమె చీకట్లో, "మా తమ్ముడు దిగే బొగ్గుబాయి గిట్లనే ఉంటుండెనేమో" అంది. ఊపిరాడదన్న మనిషి అందరికంటే ముందు గురకపెట్టింది.

అదే రోజు సాయంత్రం, పడుకునే ముందు, అమ్మాయి స్నానానికి పోయింది. ఇంట్లో అయితే బాత్రూం తలుపులో కుర్చీ పట్టదు. నేను ఎత్తి లోపల కూర్చోబెట్టాలి, బయట నిలబడాలి. అక్కడ కుర్చీతోనే లోపలికి పోయి గడియ పెట్టుకుంది. నేను అలవాటు కొద్దీ తలుపు దగ్గరే నిలబడ్డాను. లోపల నీళ్ళ చప్పుడు, మధ్య మధ్య పాట. కాసేపటికి, "మమ్మీ, నువ్వాడ నిలవడ్డవు గదా? పో జర" అంది. పోయి మంచం మీద కూర్చున్నాను. చేతులకు ఏం పని చెప్పాలో తోచలేదు.

రెండో రోజు సముద్రం బాగా ఊగింది. మా ఆయనకు వాంతులు. నాకు తల తిరిగి లేవడం చేతకాలేదు. అమ్మాయికి, మా అత్తమ్మకు ఏమీ కాలేదు. "నేను పైకి పోతాన్న" అని అమ్మాయి కుర్చీ తిప్పింది. "ఒక్కదానివా?" అన్నాను పడుకునే. "లిఫ్ట్ ఉంది గదా మమ్మీ" అని వెళ్ళిపోయింది.

కాస్త తేరుకున్నాక నేనూ మా ఆయనా గోడలు పట్టుకుంటూ వెతకడానికి బయలుదేరాం. రెండు అంతస్తులు చూశాం. లేదు. పై అంతస్తులో తలుపు తెరుచుకోగానే గాలి మొహాన కొట్టింది. కమ్మీల పక్కన కుర్చీలో కూర్చుని ఉంది. జుట్టంతా ఎగురుతోంది. మమ్మల్ని చూసి, "వచ్చిన్రా? కూసోన్రి, కూసోన్రి. చాయ్ తాగితె తగ్గుతదట" అని, మేము ఏదో అనేలోపే కుర్చీ తిప్పుకుని పోయింది.

తిరిగి వచ్చేటప్పుడు ఒళ్ళో పళ్ళెం, అందులో రెండు కప్పులు. చక్రాలు తోసుకుంటూ మెల్లగా వచ్చింది. సగం చాయ్ పళ్ళెంలోనే ఒలికింది. మా వంటింటికి కడప ఉంది. అది దాటి పొయ్యి దగ్గరికి పోవడం ఆమెకు కుదరదు. తన చేత్తో మాకు చాయ్ తెచ్చివ్వడం అదే మొదటిసారి. మా ఆయన కప్పు తీసుకుని సముద్రం వైపు తిరిగి తాగాడు.

ఆఖరి పొద్దున మాత్రం అమ్మాయి కొంచెం చిన్నబోయింది. గదిలో తెల్లారిందో లేదో తెలియక రోజూ నిద్రపోయింది. సముద్రంలో పొద్దుపొడుపు ఒక్కసారీ చూడలేదు.

"ఇంకోసారి వస్తె బాల్కనీ రూమే తీసుకోవాలె డాడీ."

"పైసలు నువ్వే సంపాయించాలె మరి."

"సంపాయిస్త" అంది.

ఇంటికి వచ్చిన వారానికి మా ఆయన తనతో పనిచేసే మేస్త్రీని పిలుచుకొచ్చాడు. వంటింటి కడప పగలగొట్టించాడు. బాత్రూం గోడ ఒకవైపు తీయించి తలుపు వెడల్పు చేయించాడు. ఇల్లంతా నాలుగు రోజులు దుమ్ము, నా కుట్టుమిషను మీద కూడా. ఈ పని ఇన్నేళ్ళూ ఎందుకు చేయలేదని మేమిద్దరం ఒకరినొకరం అడగలేదు. ఇప్పుడు బాత్రూంలో గడియ పడిందంటే మా అత్తమ్మ బయట నిలబడి, "ఎంతసేపే, నేను గూడ పోవాలె!" అని అరుస్తుంది. లోపలి నుంచి జవాబు రాదు, పాట మాత్రం వస్తుంది.