ఎర్రసిరాతో ఒక వాక్యం

మార్కాపురం స్టడీ సెంటర్లో అసైన్‌మెంట్ల కవర్లు చింపుతుంటే మైదా జిగురు వాసన గుప్పుమంటుంది. ఆ వాసన తగిలితే చాలు, దూరవిద్య డిగ్రీలో మాకు ఎకనామిక్స్ చెప్పిన రాజ్యలక్ష్మి మేడం గుర్తొస్తారు.

మాది పుల్లలచెరువు దగ్గర పల్లె. క్లాసులేమో మార్కాపురంలో, అదీ ఆదివారమే. నాయన సంఘపెద్ద. ఆయన కూతురు ఆదివారం చర్చిలో లేకపోతే ఊరంతా ముక్కున వేలేసుకుంటుంది. అందుకని క్లాసులకు పోకుండా ఇంట్లోనే పుస్తకాలతో కుస్తీ పట్టి, ఎకనామిక్స్ రెండుసార్లు తప్పాను. "ఈసారి గూడా పోతే చదువు మానేసి మిరపకోతకు రా" అన్నాడు నాయన. భయంతో అందరూ చేసే పనే చేశాను. సీనియర్ అసైన్‌మెంట్ మక్కికి మక్కి ఎక్కించి పోస్టులో పంపాను. తిరిగొచ్చిన కాగితం మీద మార్కులు లేవు. "రాత నీది, మాట నీది కాదు. మీ ఊరి నీళ్ల సంగతి రాయి. క్లాసుకెందుకు రావు?" అని మేడం ఎర్రసిరాతో రాశారు. సిగ్గుతో చచ్చిపోయాను. కారణం ఉన్నదున్నట్టు ఉత్తరం రాశాను.

క్లాసు లేని ఒక ఆదివారం, ఆరాధన మధ్యలో, మేడం మా చర్చిలోకి వచ్చారు. అడ్మిషన్ రోజు ఒక్కసారే చూసినా గుర్తుపట్టాను. నుదుట పెద్ద బొట్టు, చీర నిండా బస్సు దుమ్ము. ఆడవాళ్ల వెనక చాప మీద కూర్చుని ప్రసంగం అయ్యేదాకా కదల్లేదు. నేను పాట మరిచిపోయి చూస్తూ ఉండిపోయాను. బయటికొచ్చాక, మా ఎకనామిక్స్ మేడమని నాయనకు చెప్పాను. ఆవిడ మాత్రం నాయనతో నా చదువు ఊసే ఎత్తలేదు.

"మీ బోరు ఎన్ని అడుగులన్నా?" అన్నారు.

"నాలుగొందలు. పక్కాయన ఆరొందలు ఏసినాడు, మాది ఎండిపోయింది. ఇంకొకాయన వచ్చి ఆయనది ఎండబెట్టినాడు."

"ఎవరికి వాళ్లు తెలివిగానే చేసినారు. అందరికీ కలిపి నీళ్లు పోయినాయి. మా పాఠం ఇదేనన్నా."

నాయన నోరెళ్లబెట్టాడు. "ఏందమ్మా, మా బోరు సంగతి పుస్తకంలో ఉందా?"

"కొంచెమే ఉంది. మిగతాది మీ పాప రాయాల."

పై ఆదివారం తొలి బస్సు దగ్గర నాయనే నన్ను దిగబెట్టాడు. "పో. నీ వంతు ప్రార్థన నేను చేస్తాలే" అన్నాడు.

బోరు ఎండినాక అమ్మ ఎక్కడినుంచి బిందెలు మోసిందో, ట్యాంకరు వస్తే ఏ వీధివాళ్లు ముందు పట్టుకుంటారో నాలుగు పేజీలు రాశాను. మార్జిన్లో మళ్లీ ఎర్రసిరా: "ఇది నాకు తెలియదు. ఈరోజు నేర్చుకున్నాను." అంత చదువుకున్న మనిషి, బోరు ఎండి కూలికి పోయే ఇంటి పిల్లతో అనే మాటా అది! ఆ ఏడు పాసయ్యాను.

మేడం ఇప్పుడు లేరు. ఆవిడ కుర్చీలో నేను కూర్చుంటున్నాను. మక్కికి మక్కి కాగితాలు ఇప్పటికీ వస్తాయి. చిరాకేస్తుంది, తిడతాను కూడా. అయినా మార్కులు వేసే ముందు ప్రతి కాగితంలోనూ "ఈరోజు నేర్చుకున్నాను" అన్న ఆ వాక్యం రాయడానికి చోటు వెతుకుతాను. దొరికిన రోజు ఎర్రసిరా పెన్ను తీస్తాను.