కదలని చుక్కను నమ్ముకున్న సాయంత్రం

నేను బడిలో భౌతికశాస్త్రం చెబుతాను. ఈ సంగతి ముందే ఒప్పుకోవడం మంచిది, ఎందుకంటే కింద రాయబోయే ఘనకార్యం చదివాక మీకు అనుమానం వస్తుంది. సెంటినరీ కాలనీలో మా క్వార్టర్ డాబా మీద ఆ సాయంత్రం నా పరువు పోయిన తీరు గుర్తొస్తే, అక్క మొగుడు, అంటే మా బావకు ఇప్పటికీ అన్నం పొలమారుతుంది.

మా బాపు బొగ్గు బావిలో సర్దారు. లోపల గ్యాస్ ఉందో లేదో మీటరుతో చూసి, ఆ తర్వాతే మనుషుల్ని పనిలోకి పంపే ఉద్యోగం. రిటైర్మెంటుకు నెల ముందు నన్ను పిలిచాడు.

"గిన్నేండ్లు తలకు లైటు కట్టుకొని భూమి లోపటనే సూసిన బిడ్డా. నా ఫంక్షన్ల గోడ గడియారాలు గిట్ల వద్దు. నువ్వు తీసిన చుక్కల ఫోటో ఒక్కటి పెట్టు."

"గంతేనా బాపు" అన్నాను. అంతటితో ఊరుకున్నా బాగుండేది. క్వార్టర్ల వరస ఈ చివరి నుంచి ఆ చివరి దాకా తిరిగి చాటింపు వేసి వచ్చాను.

ఇక చూసుకోండి, సగం నెల మబ్బులు, మిగతా సగం ఓపెన్‌కాస్టు గని దుమ్ము. ఫంక్షన్ రేపనగా ఆకాశం తేటపడింది. తొమ్మిదిలోపు ఫోటో పంపితేనే పొద్దున్నకు ఫ్రేము ఇస్తానని గోదావరిఖనిలో ఫోటో స్టూడియో నడిపే పెద్దాయన తేల్చి చెప్పాడు.

నా దగ్గర కొత్తగా ఆటోగైడింగ్ ఉంది. పెద్ద టెలిస్కోపు ఫోటో తీస్తుంటే, దాని వీపున కూర్చున్న చిన్న టెలిస్కోపు ఒక నక్షత్రం మీద కన్నేసి ఉంచుతుంది. అది కాస్త పక్కకు జరిగినట్టు కనబడితే మోటారుకు చెప్పి సరిచేయిస్తుంది. సెకండ్ హ్యాండులో కొన్నాను. వాడకం మాత్రం వీడియోల్లో చూసి నేర్చుకున్నాను, అదీ సగం వీడియో.

చీకటి పడగానే బావను తోడు పెట్టుకుని డాబా మీద మొదలుపెట్టాను. ల్యాప్‌టాప్ ఒక చుక్కను పట్టుకుని, పరీక్షగా మోటారును అటూ ఇటూ తిప్పి చూసి వెంటనే హెచ్చరించింది: నక్షత్రం కదలడం లేదు. కదలకూడదనే కదా తల్లీ నిన్ను కొన్నది అనుకుని, ఆ పరీక్ష దాటేసి, అమ్మినతను అందులో దాచి ఉంచిన పాత కొలతలతోనే నడిపించాను. తెర మీద గీత స్కేలు పెట్టి గీసినట్టు తిన్నగా సాగింది.

"సూడు బావా, ఇసుమంత గూడ ఊగుతలేదు" అన్నాను.

"మరి ఫోటోల చుక్కలేంది, వాన పడ్డట్టున్నయి?"

నిజమే. ప్రతి నక్షత్రమూ సాగిపోయి గీతలా పడింది. మళ్ళీ తీశాను. మళ్ళీ వానే. ఎనిమిది దాటింది. మోటారును తిట్టాను, గాలిని తిట్టాను, మెల్లగా నడవమని బావను కూడా తిట్టాను.

బాపు మెట్లెక్కి వచ్చి తెర ముందు కూర్చున్నాడు.

"గీ గీత ఎంతసేపట్నుంచి గిట్లనే ఉన్నది?"

"గంట నుంచి. మస్తు పనిచేస్తున్నది బాపు."

"మీటరు ముల్లు గంటసేపు కదలకపోతే, గాలి మంచిగున్నదని మేం అనుకోం బిడ్డా. మీటరే సచ్చిందా అని సూస్తం." లేచి వెళ్ళి చిన్న టెలిస్కోపు ముందు అరచెయ్యి అడ్డం పెట్టాడు.

తెర మీద చుక్క అలాగే వెలుగుతోంది.

"సరితా, నీ చుక్క మామ చెయ్యిలకెల్లి గూడ కనవడుతున్నది" అన్నాడు బావ.

బాపు వేళ్ళతో తడిమి, ఏదో లాగి నా చేతిలో పెట్టాడు. మూత. గంటసేపు చిన్న టెలిస్కోపులోని కెమెరా, మూత లోపలి చీకట్లోకి చూస్తూ, తనలోనే పాడైపోయి ఎప్పుడూ వెలుగుతూ ఉండే ఒక చుక్కను నక్షత్రమని కాపలా కాసింది.

మూత తీశాక గీత గిలగిలా కొట్టుకుని, కాసేపటికి కుదురుకుంది. తొమ్మిదికి నాలుగు నిమిషాల ముందు ఒక్క ఫోటో పంపగలిగాను. మసకగానే ఉంది గానీ, చుక్కలు మాత్రం గుండ్రంగా వచ్చాయి.

మర్నాడు ఫంక్షన్లో అందరూ ఫ్రేము ముందు నిలబడి సెల్ఫీలు దిగారు. బాపు మెడలో దండతోనే నన్ను పక్కకు పిలిచాడు.

"బావిలకు దిగేటోడు లాంప్ రూంల తన నంబరు బిళ్ళ ఇచ్చినంకనే లైటు తీసుకుంటడు. ఇగ నువ్వు గూడ గా మూత నా చేతుల పెట్టినంకనే షురూ చెయ్యాలె."

"రేపట్నుంచి నీకు డ్యూటీ లేదు గద బాపు."

"గందుకే అడుగుతున్న" అన్నాడు.

నవ్వబోయి ఏడ్చేశాను.

కనుక పాఠకుల సాక్షిగా ప్రమాణం చేస్తున్నాను: మూత బాపు చేతిలో పెట్టకుండా ఏ నక్షత్రం వైపూ కన్నెత్తి చూడను. చూద్దామన్నా కుదరదు. పొద్దు గుంకకముందే ఆయన మెట్ల మీద చెయ్యి చాపి కూర్చుంటాడు, ఒక్క నిమిషం లేటైనా ఒప్పుకోడు.